మూడాకుల తీగ

మేక ఇంకా చావలేదు. ఎరువు గొయ్యి పక్కన పడి కాళ్లు కొట్టుకుంటోంది. మూతి నిండా నురగ. దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బిసాహిన్ బాయి, చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లను మార్చి మార్చి చూస్తోంది.

"ఈ గోతిలో ఎవరేం పడేశారు? కొట్టను, తిట్టను. చెప్పండి చాలు."

రాయపూర్‌లో రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ క్వార్టర్ల వెనక ఎనిమిది కుటుంబాలు కలిసి పెంచుతున్న తోట అది. పేరుకే తోట గానీ కాలనీలో అందరూ 'అడవి' అనే అంటారు. జామల కింద పసుపు, మునగల మీదికి చిక్కుడు, అరటి పక్కన చేమ, ఎక్కడ చూసినా ఒకదాని మీద ఒకటి ఎగబాకి ఉంటాయి. ఆదివారం పొద్దున బిసాహిన్ బాయి పాఠం చెబుతుంటే అక్కడ పిల్లాజెల్లాతో సంతలా ఉంటుంది. ఇవాళ మంగళవారం. పదకొండు దాటింది. మగవాళ్లు డ్యూటీల్లో ఉన్నారు. మేక అరుపు విని పరిగెత్తుకొచ్చిన నలుగురు ఆడవాళ్లూ ఇప్పుడు ఒకరి వెనక ఒకరు నిలబడే ప్రయత్నంలో ఉన్నారు.

"మోర్ ఛేరీ... నా మేక..." అంటూ బిసాహిన్ బాయి గొంతెత్తబోయి దగ్గింది. ముప్పై ఏళ్లు తెలుగువాళ్ల ఇళ్లలో పని చేసిన మనిషి. నీళ్లు తాగినట్టు తెలుగు మాట్లాడుతుంది, ఏడుపు వస్తే మాత్రం సొంత ఛత్తీస్‌గఢీలోకి దిగిపోతుంది. తాయారమ్మ అందించిన చెంబెడు నీళ్లూ గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

మాలతి అందరి కంటే వెనక ఉంది. గోతి అంచున ఉన్న తొక్కలు ఆమెకు అక్కడి నుంచే కనిపించాయి. గోధుమరంగు తొక్కలు, వాటి నిండా వెంట్రుకల్లాంటి వేళ్లు. పొద్దున ఆరింటికి అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని చెక్కిన తొక్కలే.

బిసాహిన్ బాయి చూపు కూడా అక్కడికే వెళ్లింది. ఒక తొక్క తీసి వాసన చూసింది. గోటితో గీకింది. చూస్తుండగానే ఆమె మొహంలో కోపం పోయి, దాని చోట భయం వచ్చింది.

"ఇది బైచాందీ. ఎవరు తవ్వారు దీన్ని?"

"అదేం పేరమ్మా! అది పెండలం," అంటూ అన్నమ్మ ముందుకొచ్చింది. "నేనే తవ్వేను. నిన్న సాయంత్రం. దొంగతనంగా ఏవీ తవ్వలేదు, నలుగురూ చూస్తుండగానే తవ్వేను. రేపు మా ఆయన తద్దినం. కంద, పెండలం, అరటికాయ లేకుండా తద్దినం ఎలా చేస్తాం? ఈ రాయపూర్ బజారంతా తిరిగినా పెండలం దొరికి చావదు. మన తోటలో ఉందని మా కోడలే చెప్పింది."

చెప్పిన మాట నిజమే. ఉందని మాలతి చెప్పింది. ఎక్కడుందో మాత్రం అత్తగారు అడగలేదు. అడిగితే ఆవిడ అన్నమ్మ ఎందుకవుతుంది? మోకాళ్ల నొప్పులని ఆదివారం పాఠాలకు ఒక్కనాడూ రాదు గానీ, తోటలో ఏ కాయ ఎప్పుడు ముదురుతుందో అందరి కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

"పెండలం జామచెట్టు కింద ఉంది అమ్మా," అంది బిసాహిన్ బాయి. " మీరు కంచె పక్కన తవ్వారు."

"వేళ్లు ఎక్కువున్నాయి, ఏదో మీ దేశవాళీ రకం అనుకున్నాను. దుంపలో దుంప. ఏవైందిప్పుడు?"

"ఏమైందా?" బిసాహిన్ బాయి మేక వంక చూపించింది. "మా ఊళ్లో కరువొస్తే తింటాం ఇది. పల్చగా కోసి, ఉడకబెట్టి, మూడు రోజులు పారే నీళ్లలో పెట్టి, అప్పుడు తింటాం. ఊరికే వండుకుంటే విషం. ముందు గొంతు పట్టేస్తుంది. తర్వాత కళ్లు తిరుగుతాయి. తర్వాత కాళ్లు మాట వినవు. ఆ తర్వాత..." మిగతాది చెప్పకుండా మేక చెవి నిమిరింది. "ఎవరైనా తిన్నారా?"

"తద్దినం రేపు కదా. ఇంకా ఎవరు తింటారు?" అన్నమ్మ గొంతు తగ్గింది. "ఐదు దుంపలు దొరికేయి. మొదటి కాపు ఒక్కరం తినకూడదని తాయారుకి ఒకటిచ్చేను."

"అమ్మో! నాకొద్దు తల్లీ! ఇంకా కొయ్యలేదు!" తాయారమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి తన క్వార్టర్ వైపు పరుగు తీసింది.

"నేను అందరికీ చెప్పాను," అంది బిసాహిన్ బాయి. ఆమె ఎవరినీ చూడటం లేదు, కంచె వైపు చూస్తోంది. "పెండలానికి ఒంటి ఆకు. దీనికి మూడాకులు, తీగ నిండా ముళ్లు. చలికాలం ఆకు రాలిపోతుంది, తీగ ఎండిపోతుంది. ఎండినా పీకొద్దు, ఆ ముళ్లే మనకి బోర్డు అని చెప్పాను. చేతులు పట్టుకుని చూపించాను. అవునా?"

"అక్కడ తీగ ఎక్కడుందే?" అన్నమ్మ మళ్లీ పుంజుకుంది. "ముళ్లుంటే నేను చెయ్యి పెడతానా? అద్దంలా ఊడ్చి ఉంది. వెళ్లి చూసుకో!"

బిసాహిన్ బాయి లేచి కంచె దాకా నడిచింది. మధ్యలో ఒకసారి తూలి, అరటి బోదె పట్టుకుని ఆగింది. కంచె పొడుగునా నేల శుభ్రంగా ఉంది. ఎండుటాకు లేదు, పుల్ల లేదు, తీగ లేదు.

"తీగ ఎవరు పీకారు?"

మాలతికి చెంపలు వేడెక్కాయి. పీకింది తనే. మొన్న ఆదివారం శంకర్ నగర్ నుంచి ఏదో మహిళా మండలి వాళ్లు ఈ తోటను చూసి నేర్చుకోవడానికి వస్తామన్నారు. తోటలో ఆకు ఊడవద్దు, అదే నేలకి దుప్పటి అని బిసాహిన్ బాయి మొదటి పాఠంలోనే చెప్పింది. తెలుగువాళ్ల చేతులు ఆ పాఠాన్ని ఏడాది గడిచినా ఒప్పుకోలేదు. పదిమంది వచ్చే చోట వాకిలి ఊడవకుండా ఎలా ఉంచుతాం? శనివారం సాయంత్రం మాలతి కొబ్బరిచీపురు పట్టుకొచ్చింది. కంచె మీద వేలాడుతున్న ఎండు తీగను చేతికి గుడ్డ చుట్టుకుని మరీ లాగేసి, చెత్తతో కలిపి మంట పెట్టింది. ముల్లు గుచ్చుకుని వేలు చీరుకుపోయింది కూడా. మర్నాడు వచ్చినవాళ్లు 'ఎంత నీట్‌గా ఉందో!' అన్నారు. మాలతి పొంగిపోయింది.

ఆ వేలి మీద గాటు ఇంకా మానలేదు. ఆమె చేతిని కొంగులో దాచుకుంది.

"మా కోడలు కూడా అక్కడే ఉంది కదా, చెప్పవే మాలతీ! అక్కడ తీగ ఏదైనా ఉందా?" అంది అన్నమ్మ.

మాలతి నోరు తెరిచింది. 'నేనే అత్తయ్యా' అనాలి. రెండే మాటలు. అనలేకపోయింది. అనడానికి బదులు ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది.

ఐదు దుంపలు. బుట్టలో మూడు. తాయారమ్మకి ఒకటి. ఐదోది?

ఐదోది అత్తగారు చెక్కి పెట్టి వెళ్లాక, ఆవిడకి చెప్పకుండా పొద్దున తను చింతపండు పోసి, బెల్లం వేసి పులుసు పెట్టింది. దురద రాకుండా చింతపండు ఎక్కువే పోసింది. ఎనిమిదిన్నరకి ఆఫీసుకెళ్లే ఆడపడుచు ఫణిశ్రీ అన్నం డబ్బాలో సర్దింది.

మాలతి వెనక్కి తిరిగి పరుగు తీసింది. తోట గేటు దాటుతూ గట్టు అంచుకి మోకాలు కొట్టుకుంది. గేటు పక్కన ఆ సిమెంటు గట్టు మీద ఎప్పటిలాగే ఎవరో పెట్టిన ములక్కాడలు, ఒక కట్ట గోంగూర, బోర్లించిన డబ్బా ఒకటి ఉన్నాయి. ఎక్కువైంది అక్కడ పెట్టడం, కావలసినవాళ్లు తీసుకోవడం తోట ఆచారం. పెట్టినవాళ్లు చెప్పకూడదు, తీసుకున్నవాళ్లను అడక్కూడదు. ఆ నియమం పెట్టింది బిసాహిన్ బాయే.

నాగబాబుకి ఆ వారం రెండో షిఫ్టు. ఇంట్లో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రొప్పుతూ వచ్చిన పెళ్లాన్ని చూసి గ్లాసు కింద పెట్టాడు.

"ఏమైందే?"

"ఫణికి ఫోన్ చెయ్యండి. డబ్బా తెరవొద్దని చెప్పండి. ఆ దుంప విషవట."

"ఏ దుంప?"

"ముందు చెయ్యండీ!"

అంటూనే తన ఫోన్ తీసి తనే చేసింది. రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్లీ చేసింది. ఈసారి మొదటి రింగుకే కట్ అయింది. మూడోసారీ అంతే.

మూడు వారాలుగా ఫణిశ్రీ ఆ ఇంట్లో వదినతో మాట్లాడటం లేదు. తన ఆఫీసులో పనిచేసే హేమంత్ సంగతి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని, అదే జామచెట్ల కింద మొక్కలకి నీళ్లు పోస్తూ వదినకు చెప్పింది. వదిన ఆ రాత్రికే మొగుడి చెవిన వేసింది. నాగబాబు చెల్లెలి మీద ఇంతెత్తు లేచాడు. ఆ రోజు నుంచి ఫణిశ్రీ అన్నతోనూ మాట్లాడదు, వదిన ఉన్న గదిలోనూ ఉండదు. పొద్దున తయారై, వంటింటి గడప మీద ఉన్న డబ్బా తీసుకుని, తలవంచుకుని పోతుంది.

కానీ డబ్బా మాత్రం రోజూ ఖాళీగా వస్తోంది. శుభ్రంగా కడిగి మరీ తెస్తోంది. మాలతికి అదే ఊరట. మాట్లాడకపోయినా నా చేతి కూడు తింటోంది, ఎప్పటికో ఒకప్పటికి కరగకపోదు అనుకుంటూ, ఏది వండినా ఆ పిల్లకి ఇష్టమైందే వండుతోంది. పెండలం పులుసంటే ఫణిశ్రీ ప్రాణం పెడుతుంది.

"నాదీ కట్ చేసేసింది," అన్నాడు నాగబాబు. అతని మొహం పాలిపోయింది. "ఎన్నింటికి తింటుంది?"

"ఒంటిగంటకి. ఒక్కోసారి ముందే."

గోడ గడియారం పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

అన్నమ్మ ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. "మేక పోయిందిరా," అని గుమ్మంలోనే కూలబడింది. డబ్బా సంగతి విని కొడుకు వంక, కోడలి వంక చూసింది.

"నీకెందుకమ్మా ఇవన్నీ!" నాగబాబు విరుచుకుపడ్డాడు. "తెలిసినవాళ్లను అడిగి తవ్వొచ్చు కదా! నాన్న తద్దినమని చెప్పి ఇంట్లో పిల్లనే..." ఆ మాట పూర్తి చేయలేక గోడకేసి చెయ్యి కొట్టాడు.

"నాకేం తెలుసురా! మీ నాన్నకి ఆ పులుసంటే ఇష్టవనీ... ఏడాదికొకసారి ఆయన పేర ఒక ముద్ద..." అన్నమ్మ తల బాదుకుంది. "నేనే తవ్వేను. నేనే కోసేను. నా కూతుర్ని నా చేతుల్తో నేనే..."

మాలతి స్టవ్ దగ్గర నిలబడి ఉంది. గిన్నెలో మిగిలిన, ఇంట్లో ఎవరూ ఇంకా ముట్టని పులుసు మీద నూనె తేలుతోంది. తప్పంతా అత్తగారి నెత్తిన పడుతోంది. ఆవిడ దాన్ని మోసేస్తోంది. 'ఇప్పుడు చెప్పు' అంది లోపల ఏదో. 'ముందు ఫణి సంగతి తేలనీ' అంది ఇంకేదో. మాలతి ఆ రెండోదాని మాటే విన్నది.

"అత్తయ్యా, మీ ఫోన్ ఏదీ?"

అన్నమ్మది బొత్తాల ఫోను. కూతురు కొనిచ్చిందే. దాన్నుంచి చేస్తే రెండో రింగుకే ఫణిశ్రీ ఎత్తింది.

"ఏంటమ్మా? మీటింగ్‌లో ఉన్నా. జల్దీ చెప్పు."

అన్నమ్మ చెప్పలేకపోయింది. ఏడుపు అడ్డుపడింది. మాలతి ఫోన్ లాక్కుంది.

"కట్ చెయ్యకు ఫణీ. నీ కాళ్లు పట్టుకుంటాను, కట్ చెయ్యకు. డబ్బా తెరిచావా?"

అవతల ఆఫీసులో ఎవరో హిందీలో జోకులేసుకుని నవ్వుతున్నారు.

"ఏ డబ్బా?"

"పొద్దున పెట్టిన డబ్బా. పులుసు తిన్నావా? అందులో విషం... ఆ దుంప విషవట. ఒక్క ముక్కైనా నోట్లో పెట్టుకున్నావా? చెప్పు!"

ఫణిశ్రీ నవ్వింది. మూడు వారాల కోపమంతా ఆ నవ్వులో ఉంది.

"మూడు వారాలుగా నీ డబ్బా నేనెప్పుడు తెరిచాను వదినా?"

మాలతి స్టవ్ గట్టుకి ఆనుకుంది. "తినలేదు! తినలేదు!" అని అత్తగారి వైపు తిరిగి అరిచింది. అన్నమ్మ రెండు చేతులూ ఎత్తి గోడ మీది భర్త సూర్యారావు ఫొటోకి దణ్ణం పెట్టింది. నాగబాబు మంచం మీద కూర్చుండిపోయాడు.

ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు. ఫణిశ్రీ మాట అప్పుడు తగిలింది మాలతికి. లోపలికి దిగి, కలుక్కుమంది.

"మరి రోజూ ఖాళీగా తెస్తున్నావు కదా ఫణీ?"

"నీ చేతి కూడు తిని నీ ఎదట తిరగలేక. తిరిగిచ్చేస్తే అమ్మ బాధపడతదని." ఫణిశ్రీ గొంతు కొంచెం మెత్తబడింది. "కూడు పారెయ్యకూడదు కదా. వెళ్తూ వెళ్తూ గట్టు మీద పెడతన్నాను. సాయంత్రానికి కడిగి బోర్లించి ఉంటది. తీసుకొచ్చేస్తన్నాను."

"ఏ గట్టు?"

"మీ అడవి గట్టే."

"ఇవాళ కూడా పెట్టావా?"

"పెట్టాను."

"ఎవరు తీసుకుంటున్నారు?"

"నాకెలా తెలుసు? అడక్కూడదు కదా. మీ తోట రూలే కదా వదినా అది!" అని ఆగి, "వదినా? ఏమైంది? వదినా!" అంది ఫణిశ్రీ.

మాలతి చేతిలోంచి ఫోన్ జారిపోయింది. కాసేపటి కిందట మోకాలు కొట్టుకున్న గట్టు కళ్ల ముందుకొచ్చింది. ములక్కాడలు. గోంగూర. బోర్లించిన డబ్బా.

"ఆటో తీసుకురండి. తోట దగ్గరికి," అని మొగుడితో చెప్పి, చెప్పుల్లేకుండా మళ్లీ పరిగెత్తింది.

డబ్బా అక్కడే ఉంది. దాని అంచు కింద ఇంకా తడి ఉంది. మూత పక్కనే ఆరబెట్టి ఉంది. మూత మీద, మామగారు పండరీ బజారులో కొని పేరు కొట్టించిన తెలుగు అక్షరాలు ఎండకి మెరుస్తున్నాయి: వి. సూర్యారావు. ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లెవరూ ఆ డబ్బా ముట్టుకునేవారు కాదు. మాలతి ఇంటిదని తెలిసిపోయేది.

తోటలో చదవలేని మనిషి ఒక్కతే.

బిసాహిన్ బాయి జామచెట్టుకి వీపు ఆన్చి కూర్చుని ఉంది. కాళ్లు చాపుకుంది. చచ్చిన మేక మీద తన పైగుడ్డ కప్పింది. మాలతిని చూసి లేవబోయింది. కాళ్లు లేవలేదు. వాటి వంక వింతగా చూసుకుంది.

"చూడు నోనీ, చూడు బిడ్డా, అరిచీ అరిచీ గొంతు పోయింది. ఎన్ని నీళ్లు తాగినా మంట పోవట్లేదు." మాట ముద్దముద్దగా వస్తోంది. "నువ్వు ఒక్కదానివి కాదు, ఇద్దరు కనబడుతున్నావు."

మాలతి ఆమె ముందు మోకాళ్ల మీద పడింది. "గట్టు మీది డబ్బా... అందులో పులుసు... నువ్వు తిన్నావా?"

"అడక్కూడదు కదా." బిసాహిన్ బాయి చిన్నగా నవ్వింది. "రోజూ ఎవరో పెడతారు. మంచి ఇంటి వంట. ఇవాళ పొద్దున పదింటికే తినేశాను. పుల్లగా... తియ్యగా... మొత్తం తినేశా..."

ఆమె మాట అక్కడే ఆగింది. కళ్లు మేక మీదికి వెళ్లాయి. అక్కడి నుంచి మాలతి మొహం మీదికి వచ్చాయి. ఈ దుంప మనిషిని ఏ వరసలో పట్టుకుంటుందో కాలనీ మొత్తంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. గొంతు. కళ్లు. కాళ్లు. ఇందాక అందరికీ చెప్పిన పాఠం అదే. ఆమె తనలో తను ఆ లెక్క చూసుకుంటోందని మాలతికి అర్థమైంది.

"ఆటో వస్తోంది. ఆస్పత్రికి వెళ్దాం. ఏం చెయ్యాలో చెప్పు, వాంతి చేయించనా? ఉప్పునీళ్లు తేనా? చెప్పు బాయీ!"

బిసాహిన్ బాయి మాలతి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చేతిలో ఆ వేలి మీద గాటు ఆమె బొటనవేలికి తగిలింది. దాన్ని తడిమి చూసింది. ముల్లు గీరిన గాటు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"తీగ ఎవరు పీకారు, నోనీ?"

గేటు దగ్గర ఆటో హారన్ మోగింది. నాగబాబు కేకలు వేస్తూ వస్తున్నాడు. వెనకాలే అన్నమ్మ, తాయారమ్మ కుంటుకుంటూ, ఏడుస్తూ వస్తున్నారు.

"నేనే," అంది మాలతి. "నేనే బాయీ. అత్తయ్య తప్పు కాదు. ఊడ్చింది నేనే. తీగ పీకింది నేనే."

అప్పటికే ఆ చెయ్యి పట్టు వదిలేసింది. ఆ మాట బిసాహిన్ బాయి చెవిన పడిందో లేదో మాలతికి తెలియలేదు.